విహార బోట్ల తయారీలో ఏ దేశంలో ఎంత జీతం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది తాళ్ళరేవు దగ్గర. మా నాన్న చెక్క బోట్లు కట్టేవాడు. నేను ఫైబర్‌లోకి వచ్చి, యూఏఈలో ఒక యాట్ల (ఖరీదైన విహార బోట్ల) యార్డులో పదకొండేళ్లు పనిచేశాను, ముందు లామినేషన్‌లో (ఫైబర్ పొరలు వేసే పని), తర్వాత క్వాలిటీలో. కాకినాడ, యానాం, మచిలీపట్నం వైపు కుర్రాళ్లు ఇప్పటికీ ఫోన్ చేసి అవే నాలుగు ప్రశ్నలు అడుగుతుంటారు. అందుకే ఒకచోట రాసిపెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, ఏ జవాబుకి ఆ జవాబు విడిగా అర్థమవుతుంది. ఏడాది చెప్పని అంకెలు 2025 నాటివి.

## ముందు ఈ పని సంగతి

విహార బోట్లు కట్టే పని, షిప్‌యార్డు పని ఒకటేనా? జీతాలు ఒకేలా ఉంటాయా?

కాదు. షిప్‌యార్డులో స్టీలు, వెల్డింగు ఎక్కువ. స్పీడ్ బోట్లు, సెయిలింగ్ బోట్లు, యాట్లలో ఫైబర్‌గ్లాస్, చెక్క పని, పాలిష్, వైరింగ్ ఎక్కువ, అల్యూమినియం కొంత. ప్రభుత్వ లెక్కల్లో కూడా వీటికి వేర్వేరు కోడ్‌లున్నాయి. ఐక్యరాజ్యసమితి వర్గీకరణలో ఓడలకి 3011, విహార బోట్లకి 3012, మన దేశం కూడా ఇదే వాడుతుంది. అమెరికాలో ఓడలకి 336611, బోట్లకి 336612. నెట్‌లో 'షిప్ బిల్డింగ్ శాలరీ' అని కనబడే అంకెల్లో చాలావరకు యుద్ధనౌకలు, వాణిజ్య ఓడలు కట్టేవాళ్ల జీతాలే. ఆ అంకె చూసుకుని ఫైబర్ పనికి వెళ్తే ఆశ ఒకటి, చేతికొచ్చేది ఇంకొకటి అవుతుంది.

ఫైబర్ పనిలో ఎవరికి ఎక్కువ ఇస్తారు?

నేను చూసినంతలో, తప్పు జరిగితే యార్డుకి ఎంత నష్టమో దాన్నిబట్టే జీతం ఉంటుంది. గాజు నార మ్యాట్ కత్తిరించి, జిగురులాంటి రెజిన్ పూసి, రోలర్ తిప్పే హెల్పరు అన్నిటికన్నా కింద. ఆ రోలర్ తిప్పడం తేలికని బయటివాళ్లు అనుకుంటారు గానీ, మ్యాట్ కింద గాలి బుడగ తెల్లగా మచ్చలా కనబడగానే, రెజిన్ గట్టిపడకముందే దాన్ని అంచుదాకా తోసుకుంటూ పోవాలి, గట్టిగా నొక్కితే రెజిన్ పక్కకి పోయి ఆ చోటు పొడిబారుతుంది. ఇది చేతికి అబ్బినవాడే లామినేటర్. అతనిపైన జెల్‌కోట్ రిపేరు చేసేవాడు. కస్టమర్ కంటికి కనబడేది ఆ పైపొరే కాబట్టి, ఎండలో నిలబెట్టినా అతుకు తెలియకుండా రంగు కలిపేవాడిని యార్డు వదులుకోదు. మోల్డ్ (బోటు అచ్చు) తయారుచేసేవాళ్లు, వాక్యూమ్ ఇన్‌ఫ్యూజన్ (గాలి లాగేసి రెజిన్ ఎక్కించే పద్ధతి) తెలిసినవాళ్లు, యాట్ లోపల చెక్క పని చేసే కార్పెంటర్లు, పెయింటర్లు కూడా ఆ వరసలోనే ఉంటారు. కొత్తగా వెళ్లేవాళ్లకి నా సలహా, ఒక్క రోలర్ దగ్గరే ఏళ్లు గడపకండి, జెల్‌కోట్ నేర్చుకోండి.

రెజిన్ వాసనలో చేస్తాం కదా, దానికి రిస్క్ అలవెన్స్ వస్తుందా?

చాలా చోట్ల రాదు. నాకు పదకొండేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. ఆ వాసన రెజిన్‌లోని స్టైరిన్‌ది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో దాన్ని 'బహుశా క్యాన్సర్ కలిగించేది' అనే వర్గంలోకి మార్చింది. నెలకి వంద దిర్హమ్‌లు ఎక్కువొస్తాయని ఒప్పుకునే విషయం కాదిది. ఇంటర్వ్యూలో అలవెన్స్ కన్నా ముందు కార్ట్రిడ్జ్ మాస్క్ ఎన్నాళ్లకి మారుస్తారు, షెడ్‌లో గాలి లాగే ఫ్యాన్లున్నాయా అని అడగండి. గుడ్డ మాస్క్ స్టైరిన్‌ని ఆపదు. గ్రైండింగ్ అయ్యాక ముంజేతుల దురదకి వేడి నీళ్లు పోసుకోకండి, చన్నీళ్లతో కడగండి.

## దేశాలను పోల్చి చూసేటప్పుడు

అమెరికాలో బోట్ ఫ్యాక్టరీల్లో గంటకి ఎంత?

ఫైబర్‌గ్లాస్ లామినేటర్లకి 2023లో సగటున గంటకి 20 డాలర్ల దరిదాపుల్లో ఉంది. ఇందులో చట్టం పాత్ర కన్నా పక్క ఫ్యాక్టరీ పాత్ర ఎక్కువ. ఫెడరల్ కనీస వేతనం 2009 జులై నుంచి 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది, ఇండియానా, టెన్నెసీల్లో ఈరోజుకీ అదే. కానీ ఇండియానాలోని ఎల్క్‌హార్ట్‌లో పాంటూన్ బోట్లు (గొట్టాల మీద తేలే చదునైన బోట్లు) కట్టే షెడ్డు పక్కనే ఇంటిలా వాడుకునే ఆర్‌వీ బండ్ల ఫ్యాక్టరీలుంటాయి, మనిషి అటు వెళ్లిపోకుండా ఇటు రేటు పెంచక తప్పదు. ఫ్లోరిడాలో మాత్రం 2020లో జనం ఓటేసి కనీస వేతనం పెంచుకున్నారు, ఏడాదికొక డాలరు చొప్పున పెరుగుతూ 2025 సెప్టెంబర్ 30కి 14 అయింది, 2026లో అదే తేదీకి 15 కావాలి. ఇక ఈ పని మీద మనవాళ్లు అమెరికా వెళ్లడానికి తేలికైన వీసా దారి లేదు. ఎవరైనా ఉందని డబ్బులడిగితే నమ్మకండి.

యూరప్‌లో ఏ దేశంలో బాగా ఇస్తారు?

గంట రేటు చూస్తే నెదర్లాండ్స్, జర్మనీ, బ్రిటన్ బాగా ఇచ్చేవాటిలో ఉంటాయి. నెదర్లాండ్స్‌లో పెద్ద యాట్లే ఎక్కువ. కనీస వేతనం 2025 జులై నాటికి గంటకి 14.40 యూరోలు, దానిపైన ఏడాది జీతంలో 8 శాతం సెలవు డబ్బు అదనం. జర్మనీలో 2015లో 8.50తో మొదలైంది 2025కి 12.82, 2026 జనవరికి 13.90 అయింది. ఫ్రాన్స్‌లో 2024 నవంబర్ నుంచి 2025 ఆఖరు దాకా 11.88 యూరోలు, కానీ వారానికి 35 గంటలే, ఆ పైన చేసే మొదటి 8 గంటలకి 25 శాతం ఎక్కువివ్వాలి, అయిదు వారాల జీతంతో కూడిన సెలవు. బెనెటో, జానో బోట్లు తయారయ్యే వాందే ప్రాంతంలో బోటు పని కూడా పెద్ద ఉపాధే. బ్రిటన్‌లో 2016లో 7.20 పౌండ్లుండేది 2025 ఏప్రిల్‌కి 12.21 అయింది. ఇవన్నీ కనీసాలు, పని బాగా వచ్చినవాళ్లకి పైన ఉంటుంది. వీటిలో పన్ను, సామాజిక బీమా కోతలు పోవాలి, ఇంటి అద్దె మీదే, గల్ఫ్‌లోలాగా కంపెనీ ఇచ్చే క్యాంపు ఉండదు.

ఇటలీ సంగతి వేరు. సూపర్‌యాట్ల ఆర్డర్లలో ప్రపంచంలో మొదటి స్థానం వాళ్లదే, అయినా చట్టం పెట్టిన కనీస వేతనం అంటూ లేదు. యూనియన్లు, యాజమాన్యాలు కుదుర్చుకునే జాతీయ ఒప్పందాల్లో మీ లెవెల్‌ని బట్టి జీతం ఉంటుంది, డిసెంబర్‌లో పదమూడో నెల జీతం వస్తుంది.

పోలండ్‌లో జీతాలు బాగా పెరిగాయంటున్నారు, నిజమేనా?

నిజం, నా దృష్టిలో ఈ రంగంలో అసలైన పెరుగుదల చూడాలంటే పోలండే చూడాలి. అక్కడి కనీస జీతం 2015లో నెలకి 1,750 జ్లోటీలు, 2025లో 4,666. జ్లోటీ యూరోతో పోలిస్తే పెద్దగా పడిపోలేదు కాబట్టి యూరోల్లో చూసినా దాదాపు 415 నుంచి 1,100 దాకా వెళ్లింది. ఆగస్టూవ్, ఓస్ట్రూడా, ఒలెట్స్‌కో లాంటి సరస్సుల ఊళ్లలో చిన్న మోటారు బోట్లు పెద్ద ఎత్తున కడతారు, అందులో చాలావరకు పశ్చిమ యూరప్ పేర్ల మీద అమ్ముడుపోయేవే. ఒకప్పుడు చవక కూలీ కోసం ఫ్రెంచ్, జర్మన్ కంపెనీలు పని అక్కడికి మార్చాయి. ఇప్పుడు అక్కడి మనుషులు దొరక్క ఉక్రెయిన్ నుంచి, మన దేశం, నేపాల్ నుంచి కూడా తెచ్చుకుంటున్నారు. ఒక జాగ్రత్త. 4,666 అనేది కోతలకి ముందు మాట, చేతికొచ్చేది 3,500 చిల్లర.

టర్కీలో కనీస జీతం నాలుగేళ్లలో ఎనిమిది రెట్లైందట! అక్కడికి వెళ్తే లాభమా?

అంకె నిజమే గానీ అర్థం అది కాదు. 2021లో చేతికొచ్చే కనీస జీతం 2,825 లీరాలు, 2025లో 22,104. అయితే ఆ మధ్యలో లీరా కూలిపోయింది. డాలర్లలో మార్చి చూస్తే 2021 మొదట్లో 380 దాకా ఉన్నది 2025 మొదట్లో 625 దాకా వచ్చింది. పెరుగుదల ఉంది, ఎనిమిది రెట్లు కాదు, రెండు రెట్లు కూడా కాదు. ఊళ్లో ధరలు కూడా లీరాతోపాటే ఎగిరాయి, అక్కడే బతికేవాడికి మిగిలింది తక్కువ. అంతాల్యా ఫ్రీ జోన్, తూజ్లా యార్డులకి ఆర్డర్లు ఎక్కువగా యూరోల్లో వస్తాయి. కరెన్సీ పడిపోతున్న దేశంలో జీతం ఏ కరెన్సీలో ఇస్తారు, ఎన్ని నెలలకి సవరిస్తారు అన్నది మొదట అడగాలి.

గల్ఫ్‌లో పదేళ్ల కిందటి జీతమే ఇప్పటికీ ఎందుకిస్తున్నారు?

యూఏఈలో ప్రైవేటు రంగంలో వలస కార్మికులకి కనీస వేతనం చట్టంలో లేదు, జీతాల కోసం బేరమాడే యూనియన్లు లేవు, అజ్మాన్, ఉమ్మల్ ఖువైన్ యార్డులకి మనుషులు మన దగ్గర నుంచి, నేపాల్, బంగ్లాదేశ్, ఫిలిప్పీన్స్ నుంచి ఎప్పుడూ దొరుకుతూనే ఉంటారు. పెంచమని నెట్టే శక్తి ఏదీ లేదు. పైగా ఆ ఆగిపోవడం మనకే సరిగ్గా కనబడదు. దిర్హమ్ 1997 నుంచి డాలరుకి 3.6725 దగ్గర కట్టేసి ఉంది, రూపాయి మాత్రం పడుతూ వచ్చింది. 2015లో 1,500 దిర్హమ్‌లు పంపితే ఇంటికి పాతికవేల చిల్లర అందేది, 2025లో అవే 1,500కి దాదాపు 35 వేలు. మా ఆవిడ ఫోన్‌లో "ఈ నెల ఎక్కువొచ్చింది" అంటే నేనూ సంతోషపడేవాణ్ణి. కానీ యార్డు నాకు ఒక్క దిర్హమ్ కూడా పెంచలేదు. ఆ పదేళ్లలో ఇంటి దగ్గర బియ్యం, నూనె, పిల్లల ఫీజులు ఎంత పెరిగాయో మీకు తెలుసు. మేనేజర్ దగ్గర పెంపు అడిగేటప్పుడు రూపాయల లెక్క మనసులో పెట్టుకోకండి, దిర్హమ్‌లలోనే మాట్లాడండి.

ఆస్ట్రేలియా, తైవాన్, సౌతాఫ్రికా సంగతేంటి?

ఆస్ట్రేలియాలో రేటు బాగా ఎక్కువ. కనీసమే 2025 జులై నుంచి గంటకి 24.95 ఆస్ట్రేలియా డాలర్లు, దానిపైన యజమాని 12 శాతం రిటైర్మెంట్ ఖాతాలో వేయాలి. గోల్డ్ కోస్ట్ దగ్గర కూమెరా బోట్లకి పెద్ద కేంద్రం. అక్కడ బోటు కట్టడం గుర్తింపు ఉన్న ట్రేడ్, అప్రెంటిస్‌గా నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. మనం చేతిపని ఎంత బాగా చేసినా అనుభవానికి కాగితాలు లేకపోతే అక్కడ కష్టం.

తైవాన్‌లో కావోష్యుంగ్ యాట్లకి పేరు. 1980ల చివర్లో వాళ్ల కరెన్సీ డాలరుకి 40 నుంచి 26 దాకా బలపడేసరికి చవక బోట్ల యార్డులు చాలా మూతపడ్డాయి, మిగిలినవి ఖరీదైన పెద్ద యాట్లకి మారాయి. కనీస జీతం 2015లో నెలకి 20,008 తైవాన్ డాలర్లు, 2025లో 28,590. మన దేశం వాళ్లతో 2024 ఫిబ్రవరిలో కార్మికుల ఒప్పందం మీద సంతకం చేసింది.

సౌతాఫ్రికాలో కేప్‌టౌన్ కాటమరాన్‌లకి (రెండు అడుగులుండే జంట బోట్లకి) ప్రసిద్ధి. అక్కడ 2019లో గంటకి 20 రాండ్లతో పెట్టిన కనీసం 2025కి 28.79 అయింది, రాండ్ పడిపోవడంతో డాలర్లలో చూస్తే అది ఒకటిన్నర దగ్గరే తచ్చాడుతోంది. పని కోసం మనం వెళ్లే చోటు కాదు.

బోట్ల అమ్మకాలు పడిపోతే జీతం తగ్గిస్తారా?

గంట రేటు తగ్గించడం అరుదు, గంటలే తగ్గిస్తారు. ముందు ఓటీ (ఓవర్‌టైం) పోతుంది, తర్వాత వారంలో ఒక రోజు పోతుంది, తర్వాత కాంట్రాక్టు మనుషులు, ఆఖరికి పర్మనెంటు. బోటు ఎవరికీ అవసరం కాదు, చేతిలో డబ్బు మిగిలితే కొనుక్కునేది, కష్టం వస్తే మొదట ఆపేసేదీ అదే. 1991లో అమెరికా ఒక లక్ష డాలర్లు దాటిన బోట్ల మీద, ఆ దాటిన మొత్తానికి 10 శాతం పన్ను వేసింది. డబ్బున్నవాళ్లు కొనడం మానేశారు, దెబ్బ షెడ్‌లో ఉన్నవాళ్ల మీద పడింది, 1993లో ఎత్తేశారు. 2008 మాంద్యంలో మళ్లీ అదే. 2020లో కోవిడ్ వచ్చాక జనం నీళ్ల మీదకి పరిగెత్తి బోట్లు దొరకని పరిస్థితి వచ్చింది, జీతాలు పెంచి మనుషుల్ని పట్టుకున్నారు. వడ్డీలు పెరిగాక అంతా తిరగబడింది. టెన్నెసీలోని మాస్టర్‌క్రాఫ్ట్ అమ్మకాలు 2023 ఆర్థిక సంవత్సరంలో 66 కోట్ల డాలర్లు, మరుసటి ఏడాది దాదాపు 37 కోట్లు. ఫ్రాన్స్‌లో బెనెటో గ్రూపు బోట్ల అమ్మకాలు కూడా 2024లో దాదాపు 30 శాతం పడ్డాయి.

తేడా ఎక్కడంటే, ఫ్రాన్స్‌లో పని లేక ఇంట్లో కూర్చోబెడితే చేతికొచ్చే జీతంలో దాదాపు 72 శాతం అందేలా ప్రభుత్వ ఏర్పాటుంది. గల్ఫ్‌లో అలా ఇంట్లో కూర్చోబెట్టి జీతమిచ్చే ఏర్పాటు లేదు, టికెట్ చేతిలో పెడతారు. అందుకే చేరేముందు యార్డులో ఎన్ని బోట్లు మోల్డ్ మీదున్నాయో, ఎన్ని అమ్ముడుపోక బయట నిలబడి ఉన్నాయో అక్కడున్నవాళ్లని అడిగి తెలుసుకోండి. మేనేజర్ మాట కన్నా ఆ లెక్క నిజం చెబుతుంది.

మన దగ్గర ఫైబర్ తెప్పలు చేసిన అనుభవం అక్కడ పనికొస్తుందా?

వస్తుంది. 2004 సునామీ తర్వాత మన తీరమంతా ఫైబర్ తెప్పలు బాగా పెరిగాయి, రెజిన్‌లో ఎంత హార్డెనర్ కలపాలో, ఎండకి ఎంత తొందరగా గట్టిపడుతుందో మనవాళ్లకి చేతిలోనే ఉంది. కానీ తెప్పకి బలం చాలు, యాట్‌కి బలంతోపాటు నునుపు కావాలి, తూకం కూడా లెక్కే. మనం 'గట్టిగా ఉండనీ' అని ఇంకో పొర వేస్తే అక్కడ అది తప్పు. టెస్టులో చాలామంది పోయేది ఇక్కడే.

## ఆఫర్ చేతికొచ్చాక

ఒకడు 1,800 దిర్హమ్‌లు అంటున్నాడు, ఇంకొకడు 1,700. ఎక్కువదే తీసుకోవాలా?

మొత్తం చూడకండి, బేసిక్ (అలవెన్సులు కలపని అసలు జీతం) ఎంతో చూడండి. యూఏఈలో ఓటీ, గ్రాట్యుటీ (పని మానేసేటప్పుడు ఇచ్చే డబ్బు) రెండూ బేసిక్ మీదే లెక్కకడతారు. 1,800లో బేసిక్ 800, 1,700లో బేసిక్ 1,200 అనుకుందాం. రోజుకి 2 గంటల చొప్పున నెలకి 52 గంటలు ఓటీ చేస్తే, మొదటి దాంట్లో దాదాపు 217, రెండో దాంట్లో 325 దిర్హమ్‌లు వస్తాయి, అక్కడికే రెండోది కాస్త పైకి వెళ్లిపోయింది. అయిదేళ్ల తర్వాత గ్రాట్యుటీ మొదటి దాంట్లో 2,800, రెండో దాంట్లో 4,200. నేను మొదట చేరినప్పుడు ఇది చెప్పినవాడు లేడు. అలవెన్సులు కలిపి పెద్దగా కనబడిన అంకెకి సంతకం పెట్టాను, వచ్చేటప్పుడు సెటిల్‌మెంట్ కాగితం చూసి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఏజెంటు లక్షన్నర అడుగుతున్నాడు, ఇవ్వొచ్చా?

ఇవ్వకండి. మన దేశంలో రిజిస్టరైన ఏజెంటు కూడా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. యూఏఈ చట్టం ప్రకారం నియామకం ఖర్చు కార్మికుడి మీద వేయడమే కుదరదు. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో ఉందో లేదో చూడండి. తెలంగాణవాళ్లకి టామ్‌కామ్, ఆంధ్రవాళ్లకి ఓమ్‌క్యాప్ అనే ప్రభుత్వ సంస్థలున్నాయి, ముందు అక్కడ అడగండి. పాస్‌పోర్టు ఈసీఆర్ (పని మీద వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావాలనే రకం) అయితే గల్ఫ్‌కి ఎమిగ్రేషన్ క్లియరెన్స్, ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. ఆ బీమా రెండేళ్లకి 275 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షలు. విజిట్ వీసా మీద పంపుతానంటే ఆ మాట దగ్గరే ఆపేయండి.

పోలండ్ వర్క్ పర్మిట్ చేతిలో పెట్టాడు, ఇక వెళ్లిపోవచ్చా?

పర్మిట్ వేరు, వీసా వేరు. పర్మిట్ అంటే అక్కడి కంపెనీ మిమ్మల్ని పెట్టుకోవడానికి అనుమతి మాత్రమే, దేశంలోకి రానిచ్చేది వీసా, దాన్ని ఆపే అధికారం కాన్సులేట్‌కి ఉంది. పర్మిట్‌లో మీ పని, జీతం రాసుంటాయి. అందులో ఉన్న కంపెనీ బోట్లు కట్టేదా, మనుషుల్ని సరఫరా చేసేదా చూడండి. సరఫరా కంపెనీ అయితే ఏ ఊళ్లో పని, గది అద్దె ఎంత కోస్తారు అన్నది రాతలో తీసుకున్నాకే డబ్బు కట్టండి.

## చేరిన తర్వాత

ఓటీ సరిగ్గా ఇస్తున్నారో లేదో ఎలా చూసుకోవాలి?

యూఏఈలో అయితే బేసిక్‌ని 30తో, వచ్చినదాన్ని 8తో భాగించండి, అది గంట రేటు. మామూలు ఓటీకి దానిమీద 25 శాతం ఎక్కువ, రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 మధ్య చేస్తే 50 శాతం ఎక్కువ రావాలి. మామూలు రోజుల్లో 2 గంటలకి మించి ఓటీ చేయించకూడదు. బోటు డెలివరీ దగ్గరపడితే ఎవరూ గంటలు చూడరు, అందుకే ఏ రోజు ఎప్పుడు లోపలికెళ్లారు, ఎప్పుడు బయటికొచ్చారు మీ ఫోన్‌లో రాసుకోండి. జీతం డబ్ల్యూపీఎస్ (అక్కడి ప్రభుత్వ జీతాల చెల్లింపు వ్యవస్థ) ద్వారా బ్యాంకులో పడాలి, చేతికి నగదు ఇస్తానంటే ఒప్పుకోకండి, రేపు గొడవొస్తే మీ దగ్గర ఆధారం ఉండదు.

ఒకే బోటు మీద చేస్తున్నాం, పక్కవాడికి నాకన్నా ఎక్కువ. ఎందుకు?

చాలాసార్లు అతను యార్డు మనిషి, మీరు కాంట్రాక్టర్ మనిషి అయ్యుంటారు. ఇటలీలో వియారెజ్జో వైపు ఈ పద్ధతి బాగా ఎక్కువ, గల్ఫ్‌లోనూ ఉంది. యార్డు కాంట్రాక్టర్‌కి బోటుకింత అని ఇస్తుంది, అతను అందులో మిగుల్చుకుని మీకిస్తాడు. పని బాగా చేసేవాళ్లు యార్డు రోల్‌లోకి మారే అవకాశం డెలివరీ సీజన్‌లో ఎక్కువ, ఫోర్‌మన్‌కి మీ అవసరం అప్పుడే తెలుస్తుంది. అడగడానికి అదే సమయం.

మానేసి వచ్చేటప్పుడు నాకు ఎంత రావాలి?

యూఏఈలో ఏడాది నిండితే గ్రాట్యుటీ ఉంటుంది. మొదటి అయిదేళ్లకి ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ప్రతి ఏడాదికి 30 రోజుల బేసిక్. బేసిక్ 1,000తో ఏడేళ్లు చేస్తే 3,500, దానికి 2,000 కలిపి 5,500 దిర్హమ్‌లు. మీరే రాజీనామా చేసినా 2022 నుంచి తగ్గించడానికి లేదు. వాడని సెలవుల డబ్బు, ఆఖరి నెల జీతం కూడా కలిపి కాంట్రాక్టు ముగిసిన 14 రోజుల్లో ఇవ్వాలి. డబ్బు ఖాతాలో పడకముందే 'అంతా ముట్టింది' అనే కాగితం మీద సంతకం పెట్టమంటారు. ఖాతా చూసుకున్నాకే పెట్టండి, అరబిక్‌లో ఉంటే చదవగలిగినవాళ్లకి ఫొటో పంపి అర్థం తెలుసుకున్నాకే పెట్టండి.